రంది, మనాది, ఒళ్లు నొప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఫిజియోథెరపీ చేయడం మొదలుపెట్టి 14 ఏళ్లయింది. వేడి కాపడం ప్యాక్ పెట్టాక మనిషి 15 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నొప్పి ఎక్కడుందో చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా 13 నిమిషాల్లో పొలం, అల్లుడు, చిట్టీ, కొడుకు ఉద్యోగం అన్నీ వస్తాయి. మనసును తినే ఈ దిగులునే మావైపు రంది, మనాది అంటారు. కింది ప్రశ్నలన్నీ ఆ 13 నిమిషాల్లో విన్నవే. జవాబుల్లో కొన్ని వైద్యశాస్త్రం చెప్పినవి, కొన్ని నా అభిప్రాయాలు. ఏది ఏదో చదువుతుంటే తెలిసిపోతుంది.

రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయి. డాక్టరు గారు "ఏం లేదమ్మా, టెన్షన్ అంతే" అన్నారు. అంటే నాకు నొప్పి లేదనా, నేను నాటకమాడుతున్నాననా?

రెండూ కాదు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, ఎంఆర్ఐలో డిస్కు, నరం కనిపిస్తాయి. నొప్పిని చూపించే మిషన్ మాత్రం ఏ ఆసుపత్రిలోనూ లేదు. నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం 1979లోనే నొప్పికి ఒక నిర్వచనం రాసుకుంది. నొప్పి ఒంటికి తెలిసే అనుభవమే కాదు, మనసుకు తెలిసే అనుభవం కూడా అని అందులో ఉంది. 2020లో దాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా చేర్చారు. కాబట్టి "ఏం లేదు" అనే మాట తప్పు. "ఎముకకు, నరానికి దెబ్బ కనిపించలేదు" అంటే సరిపోయేది.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఏ నొప్పీ లేనివాళ్లకు వెన్ను స్కాన్లు తీస్తే ఏం కనిపిస్తుందని 2015లో ఒక సమీక్ష లెక్కగట్టింది. 20 ఏళ్ల వాళ్లలో నూటికి 37 మందికి, 80 ఏళ్ల వాళ్లలో నూటికి 96 మందికి డిస్కులు అరిగినట్టే ఉన్నాయి. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు. అంటే స్కాన్ బాగున్నా నొప్పి ఉండొచ్చు, స్కాన్ పాడున్నా నొప్పి లేకపోవచ్చు. "డిస్కు అరిగింది" అనే మాట విన్న రోజు నుంచి వంగడం మానేసి, నొప్పి పెంచుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

బాధ మనసులో ఉంటే నడుము ఎందుకు నొప్పి పెడుతుంది?

మునుగోడు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. మెడ, కుడి భుజం నొప్పి. బోర్లా పడుకోబెట్టి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాను, కండరం అప్పుడప్పుడే వదులవుతోంది. తలాపున పెట్టుకున్న చిన్న ఫోను మోగింది. ఆమె ఎత్తలేదు, అటు చూడను కూడా లేదు. కానీ ఆ మోతకు నా చేతి కింద భుజం చెవి వైపు జరిగి రాయిలా అయింది.

"ఎవరు పెద్దమ్మా?"

"ఎరువుల షాపాయన బిడ్డా. వానకాలం బాకీ."

ఫోను ఆగింది. భుజం కిందికి దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

అక్కడ జరిగింది ఇదీ. భయమో ఆందోళనో కలిగినప్పుడు మెదడు అడ్రినలిన్, కార్టిజాల్ విడుదల చేయిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాము కనిపించినప్పుడు ఎగిరి దూకడానికి ఉన్న ఏర్పాటు ఇది. పాము పోయాక ఒళ్లు మళ్లీ మామూలవుతుంది. అప్పు పాములా పోదు. తెల్లారి లేచేసరికి మంచం పక్కనే ఉంటుంది. ఖాళీ బిందెనైనా చెయ్యి చాపి పావుగంట పట్టుకోండి, భుజం గుంజుతుంది. బిందె బరువు వల్ల కాదు, దించకపోవడం వల్ల. మెడ, దవడ, నడుము కండరాలు నెలల తరబడి ఇలా దించకుండా ఉంటే నొప్పి రాక ఏం చేస్తుంది?

ఇది సగం సంగతి. మిగతా సగం వెన్నుపాములో ఉంది. పిల్లాడు గడపకు మోకాలు కొట్టుకుని ఏడిస్తే తల్లి చేసే మొదటి పని అక్కడ రుద్ది, ఊదడం. నొప్పి నిజంగానే తగ్గుతుంది. ఎందుకో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. ఒంటి నుంచి వచ్చే నొప్పి కబురు వెన్నుపాము దగ్గర ఒక గేటు దాటి మెదడుకు చేరుతుందన్నారు. రుద్దడం ఆ గేటును కొంత మూస్తుంది. పై నుంచి మెదడు కూడా దాన్ని తెరవగలదు, మూయగలదు. ధైర్యం, ఊరట, పనిలో పడిపోవడం మూస్తాయి. భయం, దిగులు, నిద్రలేమి బార్లా తెరుస్తాయి. తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఆ గేటు వివరాలు కొన్ని మారాయి గానీ, మెదడు పై నుంచి నొప్పిని పెంచుతుంది, తగ్గిస్తుంది అన్న అసలు మాట నిలిచింది.

ఇంకో సంగతీ ఉంది. గేటు చాలాకాలం తెరిచే ఉంటే నరాల వ్యవస్థే సున్నితమైపోతుంది. మైకు సెట్టు వాల్యూమ్ మొత్తం పెంచేస్తే ఎవరూ మాట్లాడకపోయినా కీ... అని కూత పెడుతుంది కదా, అలా. గాయం ఎప్పుడో మానిపోయి ఉంటుంది, కూత మాత్రం ఆగదు. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అని వేరుగా చూడటానికి ఇదొక కారణం.

మనసే నొప్పి పుట్టిస్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఏదైనా ఉదాహరణ ఉందా?

1995లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. 29 ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడు కిందికి దూకితే 15 సెంటీమీటర్ల మేకు బూటు అడుగున దిగి పైకి వచ్చింది. మేకు కొంచెం కదిలినా కేకలు. మత్తుమందులిచ్చి, మేకు తీసి, బూటు విప్పి చూస్తే పాదానికి గీత కూడా లేదు. మేకు వేళ్ల సందులోంచి పోయింది! అతను నటించలేదు. కళ్లు చూసిన దాన్ని బట్టి మెదడు నొప్పిని తయారు చేసింది.

దీనికి తలకిందులుగా ఉండే ఉదాహరణ రెండో ప్రపంచయుద్ధంలో దొరుకుతుంది. ఇటలీలో గాయపడిన సైనికులకు వైద్యం చేసిన హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు, పెద్ద పెద్ద గాయాలైనవాళ్లలో చాలామంది నొప్పి మందు వద్దనడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ గాయం వాళ్లకు ఇంటికి వెళ్లే టికెట్టు. అంత దూరం ఎందుకు, పత్తి చేన్లో కాలికి ముల్లు దిగిన సంగతి సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు గానీ తెలియని అక్కలను అడగండి.

ఏయే నొప్పులు రందితో ఎక్కువగా వస్తాయి?

తల చుట్టూ రుమాలు బిగించి కట్టినట్టుండే తలనొప్పి ముందు వరుసలో ఉంటుంది. మెడ, భుజాలు, నడుము సంగతి చెప్పాను. కడుపులో మెలిపెట్టి, బాత్రూంకి పోయి వస్తే తగ్గి, పరీక్షల ముందో పంచాయితీ ముందో మళ్లీ వచ్చే నొప్పి ఇంకొకటి. పేగులకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు చాలా ఎక్కువ. "కడుపుల దేవినట్టయింది" అనే మాట మనవాళ్లు ఊరికే పుట్టించలేదు.

ఒళ్లంతా నొప్పులు, పడుకుని లేచినా తీరని అలసట, నిద్ర చాలకపోవడం, మతిమరుపు కలిసి నెలల తరబడి ఉంటే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు కావచ్చు. ఆడవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. దీనికి రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, విటమిన్ డి, బి12, కీళ్లవాతం లాంటివి ఉన్నాయేమో చూశాక, లక్షణాలను బట్టి డాక్టరు నిర్ధారిస్తారు.

దవడ నొప్పి గురించి నా సొంత కథ. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలు నాకు కుడివైపు పన్ను పోటు. పళ్ల డాక్టరు ఒకాయన రూట్ కెనాల్ చేశారు. డబ్బు పోయింది, నొప్పి పోలేదు. రాత్రుళ్లు పళ్లు పటపట కొరుకుతున్నావని మా చెల్లె చెప్పేదాకా నాకు తట్టలేదు. చెంప కండరం మీద వేలు పెట్టి నొక్కితే నొప్పి అక్కడే దొరికింది. రోజూ పది మందికి కండరాలు వదులు చేసేదాన్ని, నా దవడ నాకే తెలియలేదు.

ఛాతీలో నొప్పి వస్తే టెన్షనో, గ్యాసో, హార్ట్ ఎటాకో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో తేల్చుకోకండి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకుతూ, చెమటలు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీశాకే మిగతా మాటలు. సోడా తాగి, వాము నమిలి గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. షుగర్ ఉన్నవాళ్లకూ, ఆడవాళ్లకూ లక్షణాలు ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు కూడా.

గుండె బాగుందని తేలాక అదే నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే పానిక్ ఎటాక్ కావచ్చు. బుగులు పుట్టి ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు వస్తాయి, కళ్లు తిరుగుతాయి. సాధారణంగా కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి మెల్లగా దిగుతుంది.

దుఃఖం నిజంగానే గుండె కండరాన్ని దెబ్బతీసే జబ్బూ ఒకటుంది. 1990లో జపాన్ డాక్టర్లు దానికి టాకోట్సుబో అని పేరు పెట్టారు. అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరు అది; ఆ సమయంలో గుండె ఎడమ గది ఆ కుండ ఆకారంలో ఉబ్బుతుంది. ముట్లు ఆగిన వయసు ఆడవాళ్లలో, అయినవాళ్లు పోయారనే కబురు లాంటివి తగిలినప్పుడు ఎక్కువగా వస్తుంది. చాలామంది వారాల్లో కోలుకుంటారు. కానీ మొదటి గంటల్లో అది అచ్చం హార్ట్ ఎటాక్‌లాగే ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి పోక తప్పదు.

మాది ఫ్లోరైడ్ ఊరు. నొప్పులన్నీ నీళ్ల వల్లే అని మావాళ్లు, టెన్షన్ వల్లే అని పట్నం డాక్టరు. ఎవరిది నిజం?

ఈ జిల్లాలో ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు తరాల తరబడి బోరు నీళ్లతో ఫ్లోరైడ్ తాగారు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడంతో ఆగదు. ఎముకలు గట్టిపడతాయి, కీళ్ల దగ్గర స్నాయువులు సున్నం పట్టినట్టవుతాయి, వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బు మొదట్లో ఎలా ఉంటుందంటే, కీళ్ల నొప్పులు, నడుము పట్టేయడం, అలసట. అచ్చం "టెన్షన్" నొప్పుల్లాగే.

అందుకే ముందు మూడు చిన్న పనులు చేయించి చూస్తాను. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ పక్కలకు చాపి, మోచేతులు మడిచి, తల వెనక తాకించగలరా? ఫ్లోరోసిస్ అనుమానం వచ్చినప్పుడు ఆరోగ్య సిబ్బంది చేయించే పరీక్షలే ఇవి. నొప్పి ఉన్నా ఒళ్లు బాగానే వంగుతుంటే ఒక దారి. నొప్పితోపాటు వెన్ను, మెడ అసలే తిరగకపోతే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షకు, మోచేయి కింది ఎముకల ఎక్స్‌రేకు పంపాలి.

నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దాని పేరే "నల్గొండ టెక్నిక్". ప్రపంచంలో మన జిల్లా పేరు ఇలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడం గొప్పో బాధో నాకిప్పటికీ తేలలేదు. మిషన్ భగీరథతో ఇప్పుడు కృష్ణా నీళ్లొస్తున్నాయి. కొత్త పిల్లలకు అది వరం. కానీ 30 ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఎముక మళ్లీ వెనక్కి రాదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు: రెండూ నిజమే కావచ్చు, ఒకే మనిషిలో. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు రంది ఉండదా? నడుము వంగక, పనికి పిలిచేవాళ్లు లేక, బిడ్డకు సంబంధం కుదరక పెట్టుకున్న మనాది ఆ ఎముకల నొప్పిని రెండింతలు చేస్తుంది. ఎముక సంగతి చూసి మనసును వదిలేసినా, మనసు పేరు చెప్పి ఎముకను వదిలేసినా సగం వైద్యమే.

మా ఇంటాయన బొంబాయి పనికి పోయినప్పటి నుంచి నాకు ఒళ్లు నొప్పులు. దానికీ దీనికీ సంబంధం ఉంటదా?

పాలమూరు నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఈ ప్రశ్న చాలా రకాలుగా విన్నాను. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు ఇళ్లలో ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లు, మనవళ్లను పెంచుతున్న ముసలివాళ్లు. సంబంధం ఉండొచ్చు. రెండు దారుల్లో. ఒకటి, ఇద్దరి పని ఒక్కరి మీద పడింది: నీళ్లు, పశువులు, కూలి, అత్తమామల మందులు. ఇది మనసు సంగతే కాదు, నడుము సంగతి. రెండోది ఒంటరితనం. 2003లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. స్కానర్‌లో పడుకున్నవాళ్లతో కంప్యూటర్‌లో బంతాట ఆడిస్తూ, మధ్యలో వాళ్లకు బంతి రానివ్వకుండా చేశారు. తమను పక్కన పెట్టారని బాధపడ్డప్పుడు, ఒంటి నొప్పిలోని "బాధ"కు సంబంధించిన భాగం మెదడులో చురుకైంది. ఆ భాగం ఇంకా చాలా పనుల్లోనూ చురుకవుతుంది కాబట్టి రెండు నొప్పులూ ఒకటేనని అప్పుడే తీర్మానించకూడదు. దూరపు చుట్టాలని మాత్రం అనొచ్చు.

ఫోన్లో ఆయనతో డబ్బు లెక్కలు కాక వేరే మాట మాట్లాడి ఎన్ని రోజులైందో ఒకసారి చూసుకోండి.

ఆర్ఎంపీ దగ్గర సూది వేసుకుంటే వారం బాగుంటుంది. దాంతో సరిపెట్టుకోవచ్చా?

వద్దు. అలవాటుగా అసలే వద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు తరచూ పడితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం. ఏ సూదో చెప్పకుండా వేసినవాటిలో స్టెరాయిడ్ ఉంటే మొదట్లో ఒళ్లు తేలికై, ఆకలేసి, "మందు పనిచేసింది" అనిపిస్తుంది. నెలల తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. అలవాటైనదాన్ని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

సూది పడగానే, మందు ఇంకా పనిచేయకముందే హాయిగా ఉండటమూ నిజమే. 1978లో పన్ను పీకించుకున్నవాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో ఉత్తుత్తి మందు ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గింది. నొప్పి తగ్గించడానికి ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్లను అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇవ్వగానే ఆ ఊరట పోయింది. అంటే నమ్మకం నిజమైన రసాయనాన్నే విడుదల చేసిందన్నమాట. ఆర్ఎంపీ మీ ఇంటికొచ్చి, పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చుంటాడు. పెద్దాసుపత్రుల్లో ఆ రెండు నిమిషాలు దొరకవు. తప్పు అంతా సూది వేసేవాడిదే అని నేననను.

రెండు సీసాల కల్లు తాగితే నొప్పి తెలియట్లేదు...

మత్తు దిగాక రెట్టింపు తెలుస్తుంది. మద్యం, కల్లు నిద్రను చెడగొడతాయి. నిద్ర చెడితే మర్నాడు నొప్పి ఎక్కువవుతుంది. పాలమూరు వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలపడం కొత్త సంగతి కాదు. అలాంటిది ఏళ్లుగా తాగి ఒక్కసారి మానేస్తే వణుకు, నిద్రలేమి, ఒళ్లు నొప్పులు, ఫిట్స్ కూడా వస్తాయి. మానాలనుకుంటే ఆసుపత్రి సాయంతో మానండి.

నొప్పి అని వెళ్తే డిప్రెషన్ మందు రాశారు. మెడికల్ షాపతను చెప్పాడు. నాకు పిచ్చనుకున్నారా?

అనుకోలేదు. అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ అనే మందులు మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే ఆ నరాల దారిలో పనిచేసి గేటును మూయడానికి సాయపడతాయి. నొప్పికి అమిట్రిప్టిలిన్ సాధారణంగా 10 మిల్లీగ్రాములతో, రాత్రిపూట మొదలుపెడతారు. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు అంతకు ఎన్నో రెట్లు. నోరు ఎండటం, మలబద్ధకం, పొద్దున మగతగా ఉండటం మామూలు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగో రోజే "పనిచేయట్లేదు" అని ఆపేసి నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. రాసిన డాక్టరు ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఈ ప్రశ్న పుట్టేది కాదు.

నొప్పితోపాటు నిజంగానే డిప్రెషన్ ఉన్నా సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన దగ్గర డిప్రెషన్ తరచుగా "దిగులుగా ఉంది" అంటూ రాదు. "పానం మంచిగ లేదు, ఒళ్లంతా గుంజుతాంది, తిండి సయిస్తలేదు" అంటూ వస్తుంది.

చెరువుగట్టు గుడికి పోతే తగ్గుతుందంటారు. పోవచ్చా?

పొండి. అమావాస్య రాత్రి గట్టు మీద నిద్ర చేసి వచ్చి తేలికపడ్డామన్నవాళ్లను నేను ఎగతాళి చేయను. నడక, నలుగురి తోడు, మనసులోది దేవుడి ముందు దించుకోవడం, ఇవన్నీ గేటు మూసేవే. ఒక్కటే షరతు: షుగర్ మాత్ర, బీపీ మాత్ర, డాక్టరు చెప్పిన పరీక్ష మానేసి పోవద్దు.

ఎప్పుడు ఇది రంది కాదు, వేరే జబ్బు అని అనుమానించాలి?

కాళ్లలో బలం తగ్గుతుంటే, మల మూత్రాలు పట్టు తప్పినా ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కితే అదే రోజు ఆసుపత్రికి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, పడ్డాక మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, ఉరుములా ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి: వీటిలో ఏదున్నా టెన్షన్ అనే మాట పక్కన పెట్టి చూపించుకోవాలి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

అన్నీ చేయమని చెప్తే ఎవరూ ఏదీ చేయరు, కాబట్టి నేను మొదట ఒక్కటే చెప్తాను: ఊపిరి. నిమిషానికి ఆరుసార్లు వచ్చేలా నిదానంగా. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, దాంతో భుజాలు వాటంతటవే దిగుతాయి. పొద్దున, రాత్రి ఐదేసి నిమిషాలు. బస్సులో కూడా చేసుకోవచ్చు.

అది అలవాటయ్యాక రెండోది. పడుకుని, పిడికిలి గట్టిగా బిగించి ఐదు అంకెలు ఆగి వదిలేయండి. తర్వాత భుజాలు, దవడ, కడుపు, తొడలు, పిక్కలు. అమెరికన్ డాక్టరు ఎడ్మండ్ జాకబ్‌సన్ దాదాపు వందేళ్ల కిందట రూపొందించిన పద్ధతి. దీని లాభం ఏమిటంటే, కండరం ఎప్పుడు బిగుసుకుని ఉందో మనకే పసిగట్టడం వస్తుంది. ఆ పెద్దమ్మకు తన భుజం ఎత్తి ఉందని తెలియనే తెలియదు. అద్దం ముందు కూర్చోబెట్టి చూపించాల్సి వచ్చింది.

పూర్తిగా పడుకోవడం మాత్రం వద్దు. నొప్పి తగ్గిన రోజు రెండు రోజుల పత్తి ఒక్కరోజే ఏరి, తర్వాత మూడు రోజులు మంచమెక్కడం కూడా వద్దు. మగ్గం నేసేవాళ్లకు నేను చెప్పేది: నొప్పి వచ్చేదాకా కాదు, గడియారం చూసి లేవండి. కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోంచి అరగంటకోసారి పైకి వచ్చి, రెండడుగులు వేసి, మళ్లీ దిగండి. గద్వాలలోనైనా గట్టుప్పల్‌లోనైనా నేతగాళ్లు మొదట నవ్వుతారు, "ఇట్లయితే చీర దిగినట్టే" అని. కొందరు చేసి చూశారు.

అప్పు తీరితే గానీ రంది తీరదు. ఊపిరి పీలిస్తే అప్పు తీరుతుందా?

తీరదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లెవరికీ నేను తేలిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెండు బోర్లు ఎండిన మనిషికి "టెన్షన్ తీసుకోకు" అనడం వైద్యం కాదు. అది అతని కష్టాన్ని అతని స్వభావంలో లోపంగా మార్చేయడం. నేను చెప్పగలిగింది చిన్నది. రంది తీరకపోయినా, రందికీ నొప్పికీ మధ్య ఉన్న లంకెను కొంత వదులు చేయవచ్చు. నిద్ర కుదిరితే నొప్పి తగ్గుతుంది, అప్పు అంతే ఉన్నా. ఇంట్లో ఒక్కరికైనా అప్పు మొత్తం ఎంతో నిజం చెప్పినవాళ్లు, దాచుకున్నవాళ్ల కంటే తేలికపడటం నేను చూశాను.

బతకడం దండగ అనే ఆలోచన వస్తుంటే మాత్రం ఆగకండి. ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. ఇంట్లోవాళ్లకు ఒక మాట: పురుగుల మందు డబ్బాలు ఇంట్లో పెట్టకండి, తాళం వేసి ఆ తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. ఆ క్షణం దాటితే మనిషి దక్కుతాడు.

మానసిక డాక్టరంటే ఎర్రగడ్డేనా? ఊళ్లో తెలిస్తే పరువు పోతుంది.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోనక్కర్లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మిగతా రోగుల్లాగే ఓపీ చీటీ తీసుకుని కూర్చోవడమే. పక్కన కూర్చున్నవాళ్లు మీ ఊరివాళ్లే అయితే, వాళ్లూ అందుకే వచ్చారు.

ఎన్ని రోజుల్లో తగ్గుతుంది?

మూడేళ్ల నొప్పికి మూడు వారాలు చాలవు. నేనైతే నొప్పి ఎంత తగ్గిందని అడగను, ఈ వారం ఏం పని చేయగలిగారని అడుగుతాను. ముందు పని వస్తుంది, తర్వాత నిద్ర, అన్నిటికంటే చివర నొప్పి దిగుతుంది. మధ్యలో పెళ్లో చావో పంట నష్టమో వస్తే మళ్లీ పెరుగుతుంది, అప్పుడు మొదటికి వచ్చామనుకోకండి.

మా అత్తమ్మకు ఇదంతా చదివి వినిపిస్తే నమ్ముతుందా? "నాకేం టెన్షన్ లేదు" అంటుంది.

చదివి వినిపించే ముందు ఆమెను కూర్చోబెట్టి ఎక్కడ నొస్తుందో చూపించమనండి. ఆమె చూపించిన చోట తువ్వాలుతో కాపడం పెట్టండి, పావుగంట. టెన్షన్ అనే మాట ఎత్తకండి. అది చదువుకున్నవాళ్ల జబ్బని ఆమె లెక్క. "ఏం రంది పెట్టుకున్నవ్ అత్తా?" అని అడిగి, ఊరుకోండి. ఫోను పక్క గదిలో పెట్టి రండి.